నల్లా చూసి కొన్న ఇల్లు

జహీరాబాద్‌లో ఇళ్ల ధరలు పెంచినవాణ్ణి నేనే. హైవే వల్ల పెరిగాయని కొందరంటారు. ఝరాసంగం, న్యాల్‌కల్ వైపు ఫ్యాక్టరీలకు భూములు తీసుకుంటున్నారన్న కబురు వల్ల పెరిగాయని ఇంకొందరంటారు. అననివ్వండి. ఒకప్పుడు ఈ పట్టణంలో సగం నా చేతి కింద ఉండేది. నేను ఇనుప చావి ఎడమకు తిప్పితే ఒక కాలనీ తలంటు పోసుకునేది. కుడికి తిప్పితే ఆ కాలనీలో పప్పు కూడా ఉడికేది కాదు.

సగం పట్టణం అన్నాను కదా, కొంచెం తగ్గించుకుంటాను. నా కింద పదకొండు వాల్వులుండేవి. వాటిలో రెండు తుప్పుపట్టి తిరిగేవే కావు. అంటే తొమ్మిది. మున్సిపాలిటీలో ముప్పై ఏళ్లు నీళ్లు విడిచానని అందరికీ చెబుతుంటాను. అందులో మొదటి ఆరేళ్లు గుంతలు తవ్విన కూలీనే. చావి చేతికొచ్చింది తరువాత.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ల కోసం ఈ పత్రికలో ఇది రాస్తున్నాను. పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు మీద ఇనుప మూత తీస్తే లోపల వాల్వు ఉంటుంది. నడుమెత్తు చావి దాని తలకు తగిలించి తిప్పాలి. ఎన్ని చుట్లు తిప్పితే ఆ గల్లీకి అన్ని నీళ్లు. ఒక గల్లీకి ఎక్కువ విడిస్తే, అదే లైను మీదున్న మరో గల్లీకి ఆ మేరకు తగ్గుతాయి. ఇంతే. మిగిలిందంతా మనుషులతో.

నాకు పని నేర్పింది న్యాల్‌కల్ దగ్గరి ఊరాయన. నాకంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ. చుట్లు మాత్రం పైకే లెక్కపెట్టేవాడు, అదీ కన్నడంలో. ఒందు, ఎరడు, మూరు అంటూ.

“తెలుగుల లెక్కపెడ్తే నీళ్లు రావా అన్నా?” అని అడిగానొకసారి.

“తెలుగుల లెక్కపెడ్తే నువ్వు నడుమ మాట్లాడ్తవ్. మర్శిపోత.”

ఆయన చెప్పిన జాగ్రత్త ఒకటే. “ఏ గల్లీకి ఎంత ఇడుస్తున్నమో హోటల్ల చెప్పకు. అక్కడ పడ్డదంటే ఇగ మన చేతుల ఉండది.” నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్లు లేరు.

బస్టాండు వెనక, రైలు పట్టాల వైపు ఒక గల్లీ ఉంది. అప్పట్లో పాతికిళ్లు. సగం పెంకులవి, సగం రేకులవి. ఎక్కువమంది కిరాయిదారులు. గల్లీ రోడ్డును కలిసే మూలింట్లో ఒకామె జొన్నరొట్టెలు చేసి అమ్మేది. అందరూ రొట్టెలామె అనేవాళ్లు, నేను అక్కా అనేవాణ్ణి. భర్త లారీ డ్రైవరు, ఎప్పుడో చనిపోయాడు. బిడ్డను బీదర్‌లో ఇచ్చింది. ముందు గదిలో పొయ్యి, కిటికీలోంచి అమ్మకం. ఆటోవాళ్లు, హమాలీలు, ఫ్యాక్టరీ డ్యూటీకి పోయేవాళ్లు అక్కడ నిలబడి రొట్టె కట్టించుకుని పోయేవారు. ఆ కిటికీ రోడ్డు మీదుంది కనుక బతుకు నడిచింది. ఇల్లు ఝరాసంగం పటేలుది. ఇరవై ఏళ్లుగా ఆయన కిరాయి పెద్దగా పెంచలేదు. ఆ గల్లీలో ఇంటిని ఎవరూ అడిగేవాళ్లు కాదు, అందుకని.

ఒక పొద్దున ఆమె కుంటుతూ ఇంటి ముందు నల్లా బిగించిన గుంత దగ్గరికి వచ్చింది.

“ఏమైందక్కా?”

“ఏం గాలె. బోరుకాడ జారిన. బిందె సొట్టపడ్డది, మోకాలు సొట్టపడ్డది. బిందెను బజార్ల జేపిచ్చుకుంటి. మోకాలును యాడ జేపియ్యాలె?”

అప్పటిదాకా ఆ గల్లీకి తొమ్మిది చుట్లు తిప్పేవాళ్లం. రోజు విడిచి రోజు నలభై నిమిషాలు నీళ్లొచ్చేవి. జొన్నపిండి వేడినీళ్లతో కలపాలి. నల్లా దగ్గర నిండే బిందెలు ఆమెకు చాలేవి కావు, మిగతా నీళ్లు బోరు దగ్గరి నుంచి మోసుకునేది. మర్నాడు నేను పద్దెనిమిది చుట్లు తిప్పాను. గంటా పది నిమిషాలు వదిలాను. ఆ తరువాత అదే అలవాటైంది.

కేవలం జాలితో చేశానని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. జాలి ఉంది, లేదనను. అయితే నీళ్లు విడిచి వెళ్లేసరికి ఆమె పెనం మీది రొట్టె నా చేతిలో పెట్టి, పైన పచ్చిమిర్చి కారం వేసి, కిటికీ దగ్గర నిలబడ్డ వాళ్లతో అనేది: “ఈయన రాకుంటే మా గల్లీకి తెల్లారది.” నా ఇంట్లో నా గురించి అలాంటి మాట ఎవరూ అనలేదు. వాల్వుకు ముప్పై చుట్లుంటే ముప్పై తిప్పేవాణ్ణి. ఆ నీళ్లు ఎగువ గల్లీవి. ఆ గల్లీ ఆడవాళ్లు నన్ను తిట్టిన తిట్లు రాస్తే ఈ పత్రికవాళ్లు వేయరు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది, కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు. ఇల్లు కొనేవాళ్లు ముందు గోడలు చూడరు. కాగితాలూ చూడరు. నల్లా వచ్చే వేళకు వస్తారు. గుంతలోకి వంగి ధార కింద చెయ్యి పెడతారు. ఆ తరువాతే బయానా, అంటే అడ్వాన్సు మాట. వేరే వేళకు వస్తే దలాలే చెబుతాడు, “ఎల్లుండి పొద్దుగాల రాండ్రి, నల్లా ఇడుస్తరు, చూద్దురు” అని.

అలాంటి దలాలు ఒకాయన బస్టాండు హోటల్లో నా పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. అప్పటికి తెల్లచొక్కా, రెండు ఫోన్లు.

“అన్నా, పార్టీలు తిరుగుతున్నరు. ఏ గల్లీల నీళ్లు మంచిగొస్తున్నయ్?”

నేను చాయ్ సాసర్లో పోసుకుని, నిదానంగా ఊది చెప్పాను. “బస్టాండెనక నా గల్లీల జూడు. దినాం రెండు గంటలు. మోటరు లేకుండ మిద్దెలెక్కుతయ్.”

రోజూ కాదని మీకు తెలుసు. రెండు గంటలు కాదనీ తెలుసు. ఇక మిద్దె సంగతి, ఆ గల్లీలో అసలు మిద్దే లేదు. దలాలు నాకు ఇంకో చాయ్ చెప్పాడు. ఎదురు బెంచీ మీద నాకు పని నేర్పిన మా పెద్దాయన ఉన్నాడు. సగం తాగిన గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు.

నా మాట నాకంటే వేగంగా తిరిగింది. నెల తిరక్కముందే గల్లీ నడుమ ముళ్లకంప పెరిగిన ఖాళీ జాగా అమ్ముడుపోయింది. తరువాత ఒక పెంకుటిల్లు. ఎన్నడూ మొహం చూపని ఇంటి యజమానులు వచ్చి గోడవెంట అడుగులేసి కొలుచుకోసాగారు. కిరాయిలు ఒకటికి రెండయ్యాయి. మూడు కుటుంబాలు సామాన్లు ఎత్తుకుని మొగుడంపల్లి రోడ్డు వైపు పోయాయి. పోతున్నవాళ్ల ట్రాలీకి నేనే పక్కన నిలబడి దారిచ్చాను. ఇచ్చి హోటల్‌కు పోయి, “మా గల్లీల గజం ధర ఎట్లెక్కిందో చూసిన్రా” అన్నాను. నాకు ఆ గల్లీలో జానెడు జాగా లేదు. నేనూ కిరాయి ఇంట్లోనే ఉండేవాణ్ణి.

ఒక మంగళవారం నీళ్లు విడిచి కిటికీ దగ్గరికి వెళితే రొట్టెలామె రొట్టె ఇవ్వలేదు. పొయ్యి వెలిగించలేదు.

“పటేల్ వచ్చిపోయిండు,” అంది. “ఇల్లు అమ్ముతడంట.”

“అందరు గట్లనే అంటరక్కా.”

“లేదు. పటేల్ తమ్ముడు సోలాపూర్‌ల ఉంటడు గద, గా తమ్మునికి గూడ ఇంట్ల వాటా ఉంది. ఇన్నొద్దులు రాలె. ఇప్పుడు సంతకానికొచ్చిండు. ఈ బేరం తప్పిందంటె మళ్ల పదేండ్లకు గూడ రాడంట. పటేలే చెప్పిండు.” ఆరిన పెనాన్ని పక్కకు జరిపింది. “గురువారం నల్లా చూడనీకి వస్తరంట. అన్నా, గా దినం జర తక్కువ ఇడువు.”

నేను చావిని గోడకు ఆనించాను.

“రెండు బిందెలంత ఇడువు సాలు. వాళ్లు జూసి పోతరు. గా తర్వాత నాకు నీళ్లు లేకున్నా మంచిదే, కుంటుకుంట బోరుకాడికి పోత. ఈ కిటికి పోతే నా రొట్టె యాడ అమ్మాలె?”

“ఫికర్ చెయ్యకక్కా,” అన్నాను. “గురువారం ఆ పైపుల నీళ్లు కాదు, చెమట గూడ రాదు.”

ఆ గురువారం ఏమైందో ఏళ్ల తరబడి ఒక తీరుగా చెప్పుకొచ్చాను. నాలుగు చుట్లు మాత్రమే తిప్పాననీ, దలాలు ఎవరికో ఫోన్ చేశాడనీ, ఆఫీసు జీపు వచ్చి నిలబడిందనీ, అందులోంచి దిగిన పెద్దసారు మెమో ఇస్తానని బెదిరించి నా చేత పూర్తిగా తిప్పించాడనీ. హోటల్లో ఇది చెప్పినప్పుడల్లా జీపు రంగు కూడా చెప్పేవాణ్ణి. వినేవాళ్లు అయ్యో అనేవారు. ఒకాయన చాయ్ డబ్బులు కూడా ఇచ్చాడు.

జీపు లేదు. సారు లేడు. ఆ వేళ ఏ సారూ నిద్ర లేవడు.

నాలుగు చుట్లు తిప్పిన మాట మాత్రం నిజం. తిప్పి, చావి పట్టుకుని నిలబడ్డాను. వాల్వు నుంచి మూలింటికి ఇరవై అడుగులు. గుమ్మం ముందు పటేలు, సోలాపూర్ తమ్ముడు, దలాలు. కొనేవాళ్లు మొగుడూపెళ్లాలు. అతను ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, చేతిలో టిఫిన్ డబ్బా, డ్యూటీకి టైమవుతోందని వాచీ చూసుకుంటున్నాడు. ఆమె గుంత దగ్గర గొంతుక్కూర్చుంది. ధార దారంలా వస్తోంది. ఆమె మొహం చిన్నబోయింది. అతను తల అడ్డంగా ఊపాడు. రొట్టెలామె గుమ్మం లోపల, పొయ్యి దగ్గర ఎవరినీ చూడకుండా పిండి జల్లిస్తోంది.

పని అయిపోయింది. నేను చావి తీసుకుని పక్క గల్లీకి పోతే సరిపోయేది.

దలాలు నా దగ్గరికి నడిచొచ్చాడు. కోపంగా కాదు, నవ్వుతూ వచ్చాడు. గల్లీ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఉన్నారు.

“ఏం పెద్దమనిషీ. రెండు గంటలంటివి. మిద్దెలెక్కుతయంటివి. గిదేనా?”

ఎవరో మగమనిషి పళ్లు తోముకుంటూ అన్నాడు, “ఆయన నీళ్లన్నీ హోటల్లనే ఇడుస్తడు. పైపులకు మిగులయ్.”

నవ్వారు. ఆడవాళ్లూ నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, పొద్దున పూట నవ్వుకునే చిన్న నవ్వు.

నా చెయ్యి తిరిగింది. అలా రాస్తే చెయ్యి మీద తప్పు వేసినట్టుంటుంది. నేను తిప్పాను. మా పెద్దాయనలా పైకి లెక్కపెట్టాను, అందరికీ వినబడాలని. ఐదు, ఆరు, ఏడు. ఆ వాల్వు బిగుతుగా ఉండేది, ఒక్కో చుట్టుకు మూడు నాలుగు క్షణాలు పట్టేది. పద్దెనిమిదికి చేరేలోగా ఎన్నిసార్లు ఆగవచ్చో మీరే లెక్కకట్టండి. పదకొండు దగ్గర ఊపిరి అందక నిజంగానే ఆగాను. ఊపిరి తీసుకుని మళ్లీ తిప్పాను.

పైపు దగ్గింది. గాలి వెళ్లింది. తరువాత నీళ్లు వచ్చాయి, గుంత అంచు దాటి రాళ్ల మీద కొట్టేంత బలంగా. కొనేవాడి భార్య చెయ్యి పెట్టింది. రెండు చేతులూ పెట్టింది. తరువాత మొహం కడుక్కుంది.

“చూసిన్రా, ఎట్లొస్తున్నయో,” అంది మొగుడితో. “ట్యాంకరెంబడి ఉరికి ఉరికి నా సగం పాణం పాయె. గిదే తీస్కుందాం.”

ఆమె మీద నాకు ఈ రోజుకూ కోపం లేదు. ఆమె మోకాళ్లు ఎలా ఉండేవో నాకేం తెలుసు.

బయానా గుమ్మం ముందే చేతులు మారింది. దలాలు నా భుజం తట్టి, “మాటంటే నీదే అన్నా” అన్నాడు. ఇంతకుముందు ఎగతాళి చేసినతను నోట్లో బ్రష్షుతోనే తల ఊపాడు. ఆ ఒక్క నిమిషం నాకు సంతోషంగా ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. సంతోషంగానే ఉంది.

అప్పుడు చూశాను. రొట్టెలామె జల్లెడ కింద పెట్టి గుంత దగ్గరికి వచ్చింది. ఆమె రెండు బిందెలూ నిండి పొర్లుతున్నాయి. ఒక్కోటి పక్కకు జరిపి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“ఇగ సాలన్నా, బందు చెయ్,” అంది. “నిండినయ్.”

మధ్యాహ్నం మా పెద్దాయన ఆఫీసు వరండాలో నా ఎదురుగా నిలబడ్డాడు. ఎవరు చెప్పారో తెలియదు.

“ఆ గల్లీ నాకియ్యి. రేపటి సంది నేను తిప్పుత.”

“ఎందుకన్నా?”

“నువ్వు మంచిగ ఇడుస్తవ్. గందుకే.”

ఆ తరువాత ఆయన రిటైరయ్యేదాకా నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడించే ప్రయత్నం చేయలేదు.

రెండు నెలలు గడువిచ్చారు. రొట్టెలామె ఖాళీ చేసిన రోజు నేను ఎగువ గల్లీలో పైపు లీకేజీ చూస్తున్నానని చెప్పేవాణ్ణి. లీకేజీ లేదు. ఎండిన వాల్వు గుంత పక్కన కూర్చుని బీడీ తాగాను.

ఇప్పుడక్కడ మూడంతస్తుల ఇల్లుంది. కింద సంపు, సంపుకు మోటరు. అలాంటి ఇళ్లు ఆ గల్లీలో ఏడెనిమిది లేచాయి. నీళ్లు విడవగానే మోటర్లు లాగేస్తాయి, గల్లీ చివర ఇళ్లకు బురద, గాలి తప్ప ఏమీ రాదు. చివర ఇళ్లవాళ్లూ అమ్ముకుంటున్నారు. అమ్మేటప్పుడు దలాళ్లు ఏం చెబుతున్నారో మొన్న నా చెవులతో విన్నాను. “దినాం రెండు గంటలొస్తయ్, మోటరు లేకుండ మిద్దెలెక్కుతయ్.” మాట మాట నాదే. నేను చచ్చిపోయినా ఆ అబద్ధం ఆ గల్లీలో ఉంటుంది, రేటు పెరుగుతూ ఉంటుంది.

రిటైరైన ఏడాదికి మొగుడంపల్లి రోడ్డు మీద ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్లనీ వీళ్లనీ అడిగి పట్టుకున్నాను. ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతి వదిలేసిన చేను పక్కన నాలుగు రేకుల గదులు, అందులో చివరిది. నల్లా లైను లేదు. ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తుందట. జరిగింది జరిగినట్టు చెప్పి రావాలని దారి పొడుగునా అనుకుంటూ పోయాను. నాలుగు వాక్యాలు కూడా తయారు చేసుకున్నాను.

ఆమె నన్ను చూసి మంచం మీది బట్టలు జరిపింది. చిక్కిపోయింది. చాయ్ పెట్టింది.

“రొట్టెలు?” అన్నాను.

“ఈడ ఎవరు తింటరన్నా, హద్దురాళ్లు తింటయా? ఫంక్షన్ హాలోళ్లు పిలిస్తే పోత. దినానికింతని ఇస్తరు. నిలవడి చేసుడు, మోకాలు ఒప్పది. పెండ్లిళ్లు లేని నెలల ఇంట్లనే ఉంట.”

“అక్కా, గా గురువారం...”

“నాకు ఎరికేనన్నా.” ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. “నాకు అందరు చెప్పిన్రు. జీపొచ్చిందంట గద. పెద్దసారు మెమో ఇస్తనన్నడంట. నేను లోపలుంటి, జీపు సప్పుడు ఇనలే. నువ్వు మాత్రం ఏం జేస్తవ్? పెండ్లాం పిల్లలున్నోనివి. నేను గా దినం నీ మీద జర మనసుల కోపం పెట్టుకున్న. తర్వాత తెల్సినంక మస్తు బాధైంది, ఊకెనే అనుకుంటినని.”

గ్లాసు నా చేతిలో ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది. నేను తయారు చేసుకున్న నాలుగు వాక్యాల్లో మొదటిది నాలుక మీదే ఉంది.

“ఔనక్కా,” అన్నాను. “జీపొచ్చింది.”

పక్క గది ఆమె చాటతో బియ్యం చెరుగుతూ చూస్తోంది. రొట్టెలామె ఆమెతో అంది, “ఈయనే. మా ఇంటి కోసం నౌకరి మీదికి తెచ్చుకున్నడని చెప్పలే? ఈయనే.”

జహీరాబాద్ పోయే ఆటో వచ్చేదాకా నాతోపాటు రోడ్డు దాకా కుంటుతూ వచ్చింది. వద్దన్నా వినలేదు. ఆటో అప్పటికే నిండింది. ఆమె లోపలికి వంగి డ్రైవరును కేకేసింది.

“ఓ తమ్మీ, ఈయన మా మనిషి. పెద్దమనిషి, నిలవడలేడు. జర జాగ ఇయ్యి.”

లోపల కూర్చున్న ఒకాయన లేచి, బయట కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన జాగాలో కూర్చున్నాను.